సుంకులవ్వ తొట్టి

బడి రోజు 112

ఈ పుస్తకంలో రోజుకు కనీసం పది వరుసలు రాయాలని నియమం. తనిఖీ వాళ్ళు చదువుతారట. భూమి నుంచి వాళ్ళ ఓడ రెండేళ్ళకోసారి వస్తుంది. వచ్చినవాళ్ళు ఈ పుస్తకాన్ని ముట్టుకోగా పాతికేళ్ళలో నేనైతే చూడలేదు. అయినా రాస్తున్నాను. అంగారకుడి మీద నాపగడ్డ సొరంగం, చిన్నబడి, మూడో తరగతి. పిల్లలు పదకొండు మంది, అందరూ వచ్చారు. టీచర్ మద్దిలేటమ్మ, అంటే నేను, జలుబుతో వచ్చాను.

ఇవాళ కొత్త పాఠం మొదలుపెట్టాను: రాళ్ళు, మట్టి, శిలాజాలు. ఇంటి నుంచి తలా ఒక రాయి తెమ్మని నిన్న చెప్పాను. పదకొండు మందీ తెచ్చారు. పదకొండూ సొరంగం గోడలోని అదే నల్లరాయి. ఇక్కడ చేతికందేది అదొక్కటే అని నాకు ముందే తట్టాల్సింది. మా తాతలు భూమ్మీద బేతంచెర్ల వైపు నాపరాయి కొట్టి బతికినవాళ్ళు. సొరంగం తవ్వడానికి రాయి తెలిసినవాళ్ళు కావాలని ఏరికోరి వాళ్ళను తీసుకొచ్చారు. వాళ్ళ మునిమనవలకు రాయి గురించి తెలియకపోతే ఎలా అని నా పట్టుదల.

పిల్లలు నాలా చిన్నబోలేదు. ఎవరి రాయి వాళ్ళకు ప్రత్యేకమే. రమీజా అయితే లేచి నిలబడి వాదించింది.

"టీచర్, మా రాయి చల్లగా ఉండాది. వీళ్ళవి ఉత్త రాళ్ళు."

ఆ రాయిని వాళ్ళమ్మ పనిచేసే శీతలగది నుంచి తెచ్చింది. పది నిమిషాలాగితే ఏమవుతుందో చూద్దాం అన్నాను. పది నిమిషాలకు దాని రాయి కూడా ఉత్త రాయి అయింది. మధ్యాహ్నం దాకా అలిగి కూర్చుంది.

అప్పుడు బడి పెట్టె తీశాను. అందులో భూమి నుంచి వచ్చిన రాళ్ళు ఐదున్నాయి: పలుగురాయి, ఇసుకరాయి, గ్రానైటు, నాపరాయి ముక్క, రాయిగా మారిన ఒక నత్త. ప్రతిదానికీ ఒక చీటీ ఉంటుంది. పేరు, దొరికిన చోటు, వయసు. నత్త చీటీ మీద వయసు పది కోట్ల ఏళ్ళు అని ఉంది.

"అది అన్నేండ్లు బతికిందా టీచర్?" అంది రమీజా, అలక మరిచిపోయి.

"లేదమ్మా. బతికింది మూడు నాలుగేళ్ళే అయ్యుంటుంది. చచ్చిపోయి బురదలో కూరుకుపోయింది. ఆ బురద రాయయింది. అప్పటి నుంచి లెక్క."

"మరి వయసు నాలుగేండ్లని గదా రాయాల్సింది? చచ్చిపోయినంక గూడా వయసు పెరుగుతాదా?"

రేపు చెప్తానన్నాను. జవాబు తెలియనప్పుడు టీచర్లకు రేపు అనే మాట ఉంది కాబట్టి మేం బతుకుతున్నాం.

బడి రోజు 115

మట్టి పాఠం. పిల్లల్ని రాయి దంచే గదికి తీసుకెళ్ళాను. నల్లరాయిని పిండి చేస్తున్నారు, అందులోని విషపు ఉప్పు పోయేలా మూడు నీళ్ళలో కడుగుతున్నారు. చేతుల్లోకి తీసుకుని చూపించి, ఇది మట్టేనా అని అడిగాను. పది మంది అవునన్నారు. రమీజా వాసన చూసి, "కాదు. దీనికి వాసన ల్యా" అంది. దాని మట్టిబుర్రను మెచ్చుకున్నాను. పాతకాలంలో ఆ మాట తిట్టట. మట్టి ఊరికే దొరికే రోజుల్లో మనుషులు ఎంత గర్వంగా ఉండేవాళ్ళో.

రాయి పిండిలో తొక్కలు, ఆకులు, కుళ్ళినవీ కలిపితే సగం మట్టి. మిగతా సగం తోడు. ఈ సంగతి పిల్లలకు నేను చెప్పక్కర్లేదు, పాలలో చెంచాడు పెరుగు వేసినట్టు, కొత్త మట్టిలో పొరుగింటి పాత మట్టి చెంచాడు వేయాలని ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచే తెలుసు. మొదటి ఓడలో ఒక్క సంచెడు బతికిన మట్టి వచ్చింది. అరవై మూడు ఇళ్ళలో ఇవాళ ఉన్న మట్టంతా దాని సంతానమే. తోడు అడిగితే లేదనకూడదు. మొలక వచ్చాక, తోడు ఇచ్చిన ఇంటికి చెంచాడు తిరిగి ఇవ్వాలి. నాపగడ్డలో చట్టాలు మరిచిపోయినవాళ్ళున్నారు గానీ ఈ రెండూ మరిచినవాళ్ళు లేరు.

నాకొక ఆలోచన వచ్చింది. తరగతికి ఒక మట్టి పళ్ళెం పెడదాం, పదకొండు ఇళ్ళ నుంచీ తోడు వేద్దాం, మా ఇంటి చెంచాతో పన్నెండు. ఒక్క పళ్ళెంలో అందరి ఇళ్ళూ ఉంటాయి. ఈ ఆలోచనకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

బడి పక్కనే సుంకులవ్వ ఇల్లు. ఆమె దగ్గర కూడా ఒక చెంచా తెస్తానని రమీజా పరుగెత్తింది. పిల్లికి బిచ్చం పెట్టదు అనే మాట సుంకులవ్వ కోసమే పుట్టిందని మా ఊళ్ళో నమ్మకం. పిల్లిని చూసినవాళ్ళు మాలో ఒక్కరూ లేకపోయినా. జరగని పనిని ‘సుంకులవ్వను తోడు అడిగినట్టు’ అంటాం. ఆమె ఇంట్లో నడుము లోతు తొట్టి ఉంది, దాని నిండా మట్టి, ఆ మట్టిలో కనకాంబరాలు. ముప్పై మూడేళ్ళుగా ఎవరికీ చెంచాడు ఇవ్వలేదు, ఎవరి దగ్గరా తీసుకోలేదు.

రమీజా ఖాళీ చెంచాతో తిరిగొచ్చింది.

"ఏమందే అవ్వ?"

"పోయి చదువుకో, మట్టి అడుక్కుంటా తిరుగుతావేంటికి, అనింది. మళ్ళా పిలిచి కనకాంబరం ఇచ్చింది."

పువ్వు జడలోనే ఉంది.

బడి రోజు 124

మెంతులు మొలిచాయి! పదకొండు మందీ పళ్ళెం చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని మొలకలకు పేర్లు పెట్టారు. ఒక మొలకకు నా పేరు పెట్టారు. అది వంకరగా ఉంది.

పద్ధతి ప్రకారం తలా చెంచాడు మట్టి ఇళ్ళకు పంపాను. కాగితంలో పొట్లం కట్టి, పైన ‘పన్నెండు ఇళ్ళ మట్టి’ అని వాళ్ళ చేతే రాయించాను. పిల్లలు ఆ పొట్లాలను రెండు చేతులతో పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళారు. చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం మానేస్తానని నెలకోసారి అనుకుంటాను, ఈ నెల అనుకోను.

బడి రోజు 131

శిలాజాల పాఠం. సుద్ద ముద్దలో ఆకులు అద్దించాను, బొటనవేళ్ళు అద్దించాను. ఒకడు ముక్కు అద్దాడు. శిలాజమంటే ఎముకా గుల్లా మాత్రమే కాదు, బతికినది వదిలి వెళ్ళిన జాడ ఏదైనా శిలాజమే, బురదలో అడుగు పడి ఆ బురద రాయైతే ఆ అడుగు కూడా శిలాజమే అని చెప్పాను.

"మన దగ్గర శిలాజాలు ఏంటికి లేవు టీచర్?" రమీజాయే.

"ఇక్కడ మనకంటే ముందు ఎవరూ బతికినట్టు తెలియదు గదమ్మా."

"మనం బతుకుతాండాం గదా!"

"మనం వచ్చి ఎంతకాలమైందని? ఇంకా ఆగాలి."

"ఎన్ని రోజులు?"

దానికి రోజుల్లో జవాబు కావాలి.

మెంతి ఆకులు అంచుల్లో పసుపు తిరిగాయి. నీళ్ళు ఎక్కువైనట్టుంది. రేపటి నుంచి తగ్గించాలి.

బడి రోజు 133

నీళ్ళు కాదు.

ఊరి మట్టికంతటికీ పెద్దదిక్కు మట్టిమేస్త్రి లింగమయ్య. పొద్దున పిలిపించాను. పళ్ళెంలో వేలు పెట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతని ముఖం చూసి పిల్లల్ని ఆటకు పంపేశాను.

"పులుపు వాసన వస్తాంది మద్దక్కా. వేరు తెగులు. ఇరవై ఏండ్ల కింద ఒకసారి చూసినా. ఇది ఎవురింటి తోడు?"

"పన్నెండు ఇళ్ళది."

అతను వేలు తుడుచుకున్నాడు. "మళ్ళా తిరిగి ఇచ్చినారా?"

ఇచ్చాం. పొట్లాలు కట్టి, పేరు రాసి, రెండు చేతులతో మోయించి ఇచ్చాం. పన్నెండు ఇళ్ళలో ఏదో ఒక ఇంట్లో జబ్బుంది. అది ఆ ఒక్క ఇంట్లోనే ఉండిపోయేది. నేను దాన్ని పళ్ళెంలో పెంచి పన్నెండు ఇళ్ళకూ పంచాను. ఎవరింటిదో కనుక్కుందామా అని అడిగితే లింగమయ్య వద్దన్నాడు.

"పేరు తెలిస్తే ఆ ఇంటికి ఇంక జన్మలో ఎవురూ తోడియ్యరు. తెలీకుంటేనే మేలు."

మా ఇంటిదే కావచ్చు. మా ఇంటి తొట్టి ముందు చాలాసేపు నిలబడి వాసన చూశాను. జలుబు. ఏమీ తెలియలేదు.

బడి రోజు 138

హాజరు పదకొండు. పాఠం చెప్పలేదు, బొమ్మలు గీయించాను. తెగులు ఇరవై ఆరు ఇళ్ళకు పాకింది.

బడి రోజు 141

నలభై ఎనిమిది ఇళ్ళు. ఊరందరికీ జొన్న పండే పెద్ద మడులు కూడా. పొట్లాలు పంచాక తెగులు బయటపడేలోపు తొమ్మిది రోజుల్లో ఒక పెళ్ళి జరిగింది, రెండు పురుళ్ళు జరిగాయి, శుభకార్యం అంటే తోడు మట్టి పంచకుండా ఉండదు. మనం ఎంత మంచిగా ఉంటే అది అంత వేగంగా పాకింది.

సాయంత్రం ఊరంతా భోజనాల హాల్లో కూర్చుంది. లింగమయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మట్టి మొత్తం బట్టీలో కాల్చాలి. కాలిస్తే తెగులు చస్తుంది, దాంతోపాటు మట్టీ చస్తుంది. మళ్ళీ రాయి పిండి నుంచి మొదలు. నిలవ గింజలు ఐదు నెలలకు వస్తాయి, ఓడ రావడానికి ఏడాదిన్నర ఉంది. ఇప్పుడే మంచి తోడు దొరికితే నాలుగో నెలకు కోత కోయవచ్చు.

"దొరుకుతాదా?" అని ఎవరో అడిగారు.

"అరవై మూడు ఇండ్లూ చూసినా. జబ్బు కనపడని ఇండ్లలో గూడా నమ్మకం ల్యా, అందురూ అందురితో కలిసినోళ్ళే. ఎవురితోనూ కలవని మట్టి ఒక్కటే ఉండాది."

అందరికీ తెలుసు అదెవరిదో. సుంకులవ్వ సభకు రాలేదు. ఆమె ఎప్పుడూ రాదు.

"చెంచాడు అడిగితే ఇచ్చేది కాదు. ఇప్పుడు చెంచాతో కాదు గదా పని?" అన్నారు ఇంకొకరు.

"కాదు," అన్నాడు లింగమయ్య. "కాలిన మట్టికి చెంచాడు చాలదు. ఇంటికి దోసెడు, పెద్ద మడులకు గంపలు. దాదాపు తొట్టంతా కావల్ల."

మూడు రోజుల్లో ఇవ్వకపోతే తలుపు తీసి తెచ్చుకోవాల్సిందే అని కొందరన్నారు. ఊరి ఆకలి ముందు ఒక ముసలామె మొండితనం ఎంత అన్నారు. నేను లేచాను. తెగులు పంచింది నేను, ఆమె కాదు, ఊళ్ళో తప్పు చేయని ఇల్లు అదొక్కటే, ఆ తలుపే పగలగొడతారా అన్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు నా పాఠంతో ఊరి మట్టినే ఊడగొట్టాను. ఇంకెవరి ఇంటి మీదికి ఊరును పంపను?

అయితే నువ్వే అడుగు అన్నారు.

బడి రోజు 142

బడి వదిలాక వెళ్ళాను. సుంకులవ్వ తొట్టి గట్టు మీద కూర్చుని కనకాంబరాలు మాల కడుతోంది. డెబ్బై దాటాయి, చేతులు మాత్రం వణకవు.

"అవ్వా, తప్పు చేశాను," అన్నాను. వేరే ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఇన్న్యాను. పిల్లోల్లు చెప్పినారు. నువ్వు ఏడుస్తా బొమ్మలు గీయిస్తాండావంట." మాల పక్కన పెట్టింది. "తోడు కోసం వచ్చినావు."

"అవును."

"ఇయ్యను."

నేను కదల్లేదు. అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆమె మళ్ళీ మాల అందుకుంది, రెండు పూలు కట్టింది, ఆపింది.

"దీంట్లో ఎవురుండారో తెల్సునా నీకు?"

తెలియదు. ముప్పై మూడేళ్ళ కింద నాకు పందొమ్మిదేళ్ళు, వేరే సొరంగంలో ఉండేవాళ్ళం.

"గంగి. నా కూతురు. నాలుగేండ్లు. ఈ సొరంగానికి వచ్చిన కొత్తల్లో జ్వరాలొచ్చి పోయింది. అప్పుడింకా ఊరికి ఎరువు గది ల్యా, పోయినోళ్ళను అందురి మట్టిలో కలిపే పద్ధతి ల్యా. మీ తాత, నేను, ఈడనే కలిపినాం." ఆమె తాత అన్నది తన మొగుణ్ణి. "ఆయన పోయినప్పటికి పద్ధతి వచ్చింది. ఆయన ఊరందురికీ పోయినాడు. పోనీలే, పెద్దోడు, యాడున్నా బతుకుతాడు. బిడ్డ అట్ల కాదు గదా మ్మే. చెంచాడు నీకిచ్చి, చెంచాడు వాళ్ళకిచ్చి, వాళ్ళు ఇంకోల్లకిచ్చి... నా బిడ్డ యా ఇంట్లో ఉండాదో నాకెట్ల తెలుస్తాది?"

ముప్పై మూడేళ్ళు మేం ఆమెను పిసినారి అన్నాం. సామెత కట్టాం. నేను పిల్లలకు ఆ సామెత నేర్పాను కూడా. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె మాత్రం ఏడవలేదు. లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చిచ్చింది.

"నువ్వు దినామూ ఏందో రాస్తాంటావు గదా, లావు పుస్తకం. ఏం రాస్తావు దాంట్లో?"

"ఎవరొచ్చారు, ఏం చెప్పాను, ఏం జరిగింది. ఎవరూ చదవరు అవ్వా."

"చదవకుంటే పోనీ. చెరిగిపోదు గదా?"

"పోదు."

ఆమె చేత్తో తొట్టిలో మట్టిని నిమిరింది. చాలాసేపు నిమిరింది.

"యా ఇంటికి ఎంత పోయిందో రాస్తావా? దోసెడు దోసెడూ రాస్తావా? యా తొట్టిలో ఏసినారో?"

రాస్తానన్నాను.

"ఒక్క ఇల్లు తప్పిపోగూడదు."

"తప్పిపోదు అవ్వా."

"అయితే లింగమయ్యను గంప తెమ్మను," అంది. తర్వాత, నేను గుమ్మం దాటాక, వెనక నుంచి కేక వేసింది. "ఆ పాపను గూడా పిల్చుకోనిరా. చెంచా పట్టుకొని వచ్చింది చూడు, ఆ పాపను. మొదట దానికిస్తాను."

బడి రోజు 145

నిన్నటికి బట్టీలు చల్లారాయి, ఇవాళ పంపకం. బడికి సెలవివ్వలేదు. బడినే అక్కడికి తీసుకెళ్ళాను.

మొదటి దోసెడు రమీజాకు. అది చెంచా మరిచిపోకుండా తెచ్చుకుంది. అవ్వ చెంచా పక్కన పెట్టించి, దాని రెండు చేతులూ చాపించి, తన దోసిలితో పోసింది. "జాగ్రత్త పాపా. నీళ్ళు ఎక్కువ పోయగాకు, దానికి జలుబు చేస్తాది," అంది. సంగతి తెలిసిన పెద్దవాళ్ళం తల దించుకున్నాం. పిల్లలు మాత్రం ఇదేదో మామూలు జాగ్రత్త అనుకుని తలలూపారు.

నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాశాను. కొంత ఇక్కడ ఎక్కిస్తున్నాను, మిగతాది పుస్తకం చివరి పేజీల్లో ఉంది.

రమీజా ఇల్లు, రెండో వరుస, ఒక దోసెడు, కిటికీ వైపు తొట్టి.
లింగమయ్య ఇల్లు, ఒక దోసెడు, వంటగది తొట్టి.
కొత్తగా పెళ్ళైన మాబున్ని, ఓబులేసుల ఇల్లు, ఒక దోసెడు. తొట్టి ఇంకా కొనలేదు, బక్కెట్టులో వేశారు.
మద్దిలేటమ్మ ఇల్లు, అరదోసెడు. నాకు వద్దన్నాను, అవ్వ ఊరుకోలేదు.
పెద్ద మడులు, తొమ్మిది గంపలు, మడి నంబర్లతో సహా.

అవ్వ ఒక్కొక్కరినీ ఏ తొట్టి, ఎంత వెలుతురు, ఎవరు నీళ్ళు పోస్తారు అని అడిగింది. ఆడపిల్లను ఇచ్చే ఇంటివాళ్ళు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. తలుపు పగలగొట్టాలన్న పెద్దమనిషి ఒకడు వరుసలో ఇరవైమంది వెనక నిలబడి, తన తొట్టి కొలతలు వల్లె వేసుకుంటూ కనపడ్డాడు. వాడి పేరు రాయను, రాయాలని మాత్రం చాలా ఉంది.

మధ్యాహ్నానికి తొట్టి అడుగు కనిపించసాగింది. కనకాంబరం మొక్కలు నాలుగు తీసి కుండలో పెట్టాం. చివర మిగిలిన మట్టిని కుంచెతో తీస్తున్నారు. చిన్నవాళ్ళే తొట్టిలోకి దిగగలరు కాబట్టి రమీజాను దింపాం. కాసేపు కుంచె చప్పుడు వినిపించింది. ఆగిపోయింది.

"టీచర్," అంది. మామూలుగా అరిచే పిల్ల, మెల్లగా పిలిచింది. "టీచర్, శిలాజం."

వంగి చూశాను. తొట్టి అడుగున గచ్చు చేసి ఉంది. ఆ గచ్చులో, ఒక మూలగా, అడుగు. చిన్న అడుగు. ఐదు వేళ్ళూ ఉన్నాయి, బొటనవేలు కొంచెం లోతుగా దిగింది. దాని పక్కన రెండో అడుగు సగమే పడింది, దూకి పారిపోయినట్టు.

లింగమయ్య, నేను రెండు వైపులా పట్టుకుని అవ్వను గట్టు మీదికి వంచాం. ఆమె చూసింది.

"గచ్చు చేసిన పొద్దు," అంది. "తడి ఆరలేదు. దిగొద్దే అంటానే ఉండా, దిగింది. కొట్టినా ఆ పొద్దు దాన్ని. ఈపు మీద ఒక్కటేసినా. మళ్ళా మెత్తయ్యా, గచ్చు పాడైపోయింది అని మీ తాతకు చెప్పినా. మెత్తినా అన్న్యాడు." ఊపిరి తీసుకుంది. "మెత్తల్యా. చూడు, మెత్తల్యా ఆయన. నాకు అబద్ధం చెప్పినాడు."

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ముప్పై మూడేళ్ళు ఆ మట్టి కింద ఉన్నది ఆమెకు తెలియనే తెలియదు. మట్టి ఇవ్వకుండా ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

రమీజా తొట్టిలోనే నిలబడి ఉంది. తన కాలిని ఆ అడుగు పక్కన, తొక్కకుండా, జాగ్రత్తగా పెట్టి కొలుచుకుంది.

"నా కన్నా చిన్నది," అంది.

బడి రోజు 160

హాజరు పదకొండు. పెసలు మొలిచిన ఇళ్ళు నలభై, మెంతి మొలిచిన ఇళ్ళు అరవై. లింగమయ్య ప్రతి ఇంట్లో వాసన చూసి వచ్చాడు. పులుపు ఎక్కడా లేదు. పెద్ద మడుల్లో జొన్న జానెడు లేచింది. కోత దాకా నిలవ గింజలు సరిపోతాయని, పస్తు ఉండదని ఇవాళ చెప్పాడు. ఆ మాట విన్నాక ఇంటికెళ్ళి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఇల్లు దాటని సుంకులవ్వ ఇప్పుడు ఇంట్లో ఉండదు. పొద్దున నా దగ్గరకొచ్చి జాబితా చదివించుకుంటుంది, ఆరేడు ఇళ్ళు గుర్తు పెట్టుకుని బయలుదేరుతుంది. "ఈడ తొట్టి మూలకు పెట్టినారు, వెలుతురు పడదు," "ఈ ఇంట్లో నీళ్ళు పోసేవాడు సోమరి," అని కంప్లయింట్లతో సాయంత్రం తిరిగొస్తుంది. ఊరందరికీ చివాట్లు పడుతున్నాయి. అందరూ సంతోషంగా తింటున్నారు. అవ్వ నోట ఆ పేరు విని పిల్లలు తమ తొట్లను గంగి అని పిలవడం మొదలుపెట్టారు. మా గంగి మొలిచింది, మా గంగికి ఆకులొచ్చాయి. ఎవరూ నేర్పలేదు.

బడి రోజు 171

పాఠం ముగించాను. రాళ్ళు, మట్టి, శిలాజాలు. ఈ పాఠం పదిరోజుల్లో ముగించాలని పథకంలో ఉంది. తనిఖీ వాళ్ళు అడిగితే కారణం ఈ పుస్తకంలోనే ఉంది, చదువుకోమంటాను.

చివరి పనిగా అవ్వ తొట్టి దగ్గరకు వెళ్ళాం. ఆ తొట్టిని మళ్ళీ మట్టితో నింపలేదు. అడుగు జాడ మీద దుమ్ము పడకుండా లింగమయ్య గాజు పలక అమర్చాడు. బడి పెట్టెలో పట్టని నమూనా కాబట్టి దాన్ని అక్కడే బడి నమూనాగా లెక్క వేసుకోవచ్చని అవ్వ ఒప్పుకుంది. నమూనా అన్నాక చీటీ ఉండాలని రమీజా పట్టుబట్టింది. నేల మీద బోర్లా పడుకుని, నాలుక బయట పెట్టి, పెద్ద అక్షరాలతో తనే రాసింది.

పేరు: గంగి. అది ఎవరినీ అడగలేదు.

దొరికిన చోటు: సుంకులవ్వ తొట్టి, నాపగడ్డ.

మూడో వరుస దగ్గర ఆగింది. తల ఎత్తి నా వైపు చూసింది. రేపు చెప్తానని నేను తప్పించుకున్న ప్రశ్నే అది, నాకు గుర్తుంది, దానికీ గుర్తుంది.

"వయసు ఎంత రాయాల టీచర్? నాలుగేండ్లా, ముప్పై ఏడేండ్లా?"

ఇప్పుడు కూడా నాకు తెలియదు. అవ్వ వైపు చూశాను. అవ్వ గట్టు మీద కూర్చుని కనకాంబరాలు కడుతోంది, పదకొండు జడలకు సరిపోయేంత మాల, మగపిల్లలకు కూడా కావాలట.

"రెండూ రాయి పాపా," అంది, పూల మీద నుంచి చూపు తిప్పకుండా. "నాలుగేండ్లప్పుడు నా దగ్గరుండె. ఇప్పుడు పెద్దదైంది, ఊరంతా తిరుగుతాండాది."

రమీజా రెండూ రాసింది. చీటీ మీద చోటు చాలక, ‘ముప్పై ఏడు’ కింది వరుసలోకి వచ్చింది. హాజరు పదకొండు.